మూడో వంతు పౌరుడు

మైలార్‌దేవ్‌పల్లి వాసులకు అభినందనలు. 2020 డిసెంబరు 1న జరిగిన జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో గ్రేటర్ హైదరాబాద్ మొత్తమ్మీద అతి పెద్ద డివిజన్ (వార్డు) మీదే. ఓటర్లు 79 వేల పైచిలుకు. అతి చిన్నది రామచంద్రాపురం, అక్కడ 28 వేలకు అటూ ఇటూ. మీకూ ఒక కార్పొరేటరే, వాళ్లకూ ఒక కార్పొరేటరే. సమానత్వమంటే ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకా కావాలనే పేచీకోరులు కొందరుంటారు. ఓటర్లు సుమారు 74 లక్షల 67 వేలు, వార్డులు 150. భాగిస్తే వార్డుకు 50 వేల లోపే కదా అంటారు. సగటు జనాభాకు 10 శాతానికి మించి తేడా రాకుండా వార్డులు గీయాలి కదా అని కూడా గొణుగుతారు. గీశారు నాయనా, గీశారు. 2016లో పనికొచ్చిన గీతలనే 2020లోనూ వాడుకున్నారు. ఊరు పెరిగితే అది గీత తప్పా? తూకంలో మోసమంటారా, రేషన్ షాపు కాటాకు అలవాటుపడ్డ జనానికి అదో లెక్కా!

2023 జూన్‌లో ఈ న్యాయం మరో మెట్టెక్కింది. వార్డుకో కార్యాలయం, దానికి పదిమంది సిబ్బంది అన్నారు. డ్రైనేజీ పొంగిందని 28 వేల మంది వచ్చినా ఆ పదిమందే, 79 వేల మంది వచ్చినా ఆ పదిమందే.

అసలు వినోదం కౌన్సిల్ హాల్లో ఉంది. 2021 ఫిబ్రవరి 11న మేయర్ ఎన్నికకు ఓటు హక్కున్న కార్పొరేటర్లు 149 మంది, పదవి హోదాతో ఓటేసే ఎక్స్ అఫీషియో సభ్యులు (ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు) 44 మంది. ఎమ్మెల్యేకైతే ఓ నియోజకవర్గం ఉంది, సరే. ఎమ్మెల్సీకి, రాజ్యసభ సభ్యుడికి ఇక్కడి ఓటరు జాబితాలో పేరుంటే చాలు. అంటే మైలార్‌దేవ్‌పల్లిలో 79 వేల మంది క్యూలో నిలబడి సంపాదించే ఒక్క ఓటును ఆయన తన పేరొక్కటి రాయించుకుని సంపాదిస్తాడు. వీధిలో గుంత పూడ్చమని ఆయన ఇంటి తలుపు తట్టే వార్డు లేదు. హాయి!

ఇది గ్రేటర్ సొంత ప్రతిభ అనుకునేరు. 2020 జనవరిలో తుక్కుగూడ పురపాలికలో 15 వార్డులకు బీజేపీ 9, టీఆర్ఎస్ 5 గెలిచాయి. ఎక్స్ అఫీషియో ఓట్లు వచ్చి పడ్డాక చైర్మన్ పీఠం దక్కింది టీఆర్ఎస్‌కు. తొమ్మిది వార్డుల జనం పొద్దున్నే లేచి ఓటేసి వచ్చారు పాపం. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ వసతిని వదులుకుంటుందని నేను పందెం కాయను. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రజాస్వామ్యం ఖూనీ అనిపించేది, గద్దెనెక్కగానే చట్టబద్ధమైపోతుంది.

2025 డిసెంబరులో శివారు పురపాలికలు 27 కలిపి వార్డులను 300 చేశారు. సంఖ్య రెట్టింపైనంత మాత్రాన తూకం సరికాదు. కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఎప్పుడు ఏ వార్డుల విభజన ముసాయిదా చేతికొచ్చినా సీటు మహిళలకా, బీసీలకా అని వెతికేముందు మీ వార్డు జనాభా అంకె చూడండి, పక్క వార్డు అంకె చూడండి. తేడా కనిపిస్తే గడువులోగా అభ్యంతరం రాసివ్వండి, రసీదు తీసుకోండి.