ఏడు నిమిషాల సర్వజ్ఞులు

గురుగ్రామ్ గాజు మేడల్లో, నోయిడా సెక్టార్లలో వారాంతం వచ్చిందంటే టోస్ట్‌మాస్టర్స్ ప్రసంగాల క్లబ్బుల్లో సర్వజ్ఞులు తయారవుతారు. ఈ వారం వాతావరణ మార్పు, పై వారం క్రిప్టో కరెన్సీ, ఆ పై వారం అమ్మ నేర్పిన పాఠం. దేనికైనా ఐదు నుంచి ఏడు నిమిషాలే. విషయం తెలియకపోతే నష్టం లేదు, తడబడకపోతే చాలు.

1924లో కాలిఫోర్నియాలో, శాంటా అనా వైఎంసీఏ భవనం నేలమాళిగలో రాల్ఫ్ స్మెడ్లీ టోస్ట్‌మాస్టర్స్ మొదలుపెట్టాడు. నలుగురిలో నోరు పెగలని సామాన్యుడికి ధైర్యం రావాలని ఆయన తాపత్రయం. పాపం, ఆయన ఇప్పటి ఢిల్లీ చూడలేదు. ఇక్కడ కరువు నోటికి కాదు.

ఏర్పాట్లకు వంక పెట్టలేం. ఐదో నిమిషానికి ఆకుపచ్చ, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు. 'ఆ', 'సో' అంటే లెక్కగట్టేవాడొకడు, వ్యాకరణం పట్టేవాడొకడు, మొత్తం ప్రసంగాన్ని తూచేవాడు ఇంకొకడు. చెప్పింది నిజమేనా అని చూసే పదవి మాత్రం లేదు. అబద్ధానికి రంగే కేటాయించలేదు.

సైబర్ సిటీలో కోడ్ రాసుకునే మన గుంటూరు కుర్రాడు యమున కాలుష్యం మీద మాట్లాడాడనుకోండి. తన గురుగ్రామ్ మురుగే బాద్‌షాపూర్ కాలవలోంచి నజఫ్‌గఢ్ కాలవకు చేరి, వజీరాబాద్ బ్యారేజీ దిగువన యమునలో కలుస్తుందని వాడికి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. తూకం వేసేవాడు లేచి, "నది అన్నప్పుడు చెయ్యి అలలా తిప్పారు, అద్భుతం. రెండు 'ఆ'లు తగ్గించుకోండి" అంటాడు. చప్పట్లు. యమున మీద నురగ యథాతథం.

ఆశువుగా మాట్లాడే కసరత్తు మనకేం కొత్త కాదు. తిరుపతి వేంకట కవులు సంస్థానాల వెంట తిరిగి చేసింది అదే. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. నిషిద్ధాక్షరి వాడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. అప్రస్తుత ప్రసంగి ఉప్మా గురించి అడిగి ఏకాగ్రత చెడగొడతాడు. మధ్యలో గంట మోగుతుంటే ఎన్ని దెబ్బలో అవధానే లెక్కపెట్టుకోవాలి. అన్నిటికీ మించి, చివర్లో ధారణ ఉంది. పూరించిన పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. ఆ ధారణ ఒక్కటి ఢిల్లీలో ప్రవేశపెట్టి చూడండి. ఎన్నికల ముందు అన్న మాటను ఐదేళ్ల తర్వాత అప్పజెప్పమంటే ఎన్ని మైకులు ఉన్నట్టుండి పాడవుతాయో!

పి.వి. నరసింహారావు ఇలాంటి క్లబ్బులో చేరి ఉంటే ఏమయ్యేవారో! పదికి పైగా భాషలు వచ్చి కూడా, 1991 నుంచి 1996 దాకా ప్రధానిగా మౌనానికే పేరుపడ్డారు. 'ఆ'ల లెక్కలో సున్నా, ఆయనదే మొదటి బహుమతి. కాకపోతే తూకం వేసేవాడు, "విషయం దండిగా ఉంది, హావభావాలు లేవు. ఇంకాస్త సాధన చేయండి సార్" అని భుజం తట్టి పంపేవాడు.

మన గుంటూరు కుర్రాడికి ఆ బెంగ లేదు. సాధన పూర్తయింది, కొలువు కూడా దగ్గర్లోనే ఉంది. నోయిడా సెక్టార్ 16ఏ, ఫిల్మ్ సిటీ. అక్కడి వార్తా చానళ్ల తెర మీద ఎనిమిది కిటికీలు. పృచ్ఛకులెవరూ లేరు, ఎనిమిది మందీ అవధానులే. ఎర్ర దీపం వెలిగితే ఆగమని కాదు, గొంతు పెంచమని. రేపు రాత్రి తొమ్మిదింటికి యమున మీద చర్చట. మనవాణ్ణి నిపుణుడిగా పిలిచారు.