గ్రిల్లు లోపల దిగుడు సంచి

నెల్లూరు తీరంలో మంటల్లో చిక్కిన మనిషిని పైనుంచి కిందికి భద్రంగా దించే ఏర్పాటు పకడ్బందీగా ఉన్నది ఒక్కచోటే. కాకపోతే దాన్ని వాడుకోవాలంటే ముందు రాకెట్ ఎక్కాలి.

శ్రీహరికోట సంగతి చెబుతున్నా. 2022లో జిల్లాల గీతలు మార్చినప్పుడు ఆ దీవిని తీసుకుపోయి తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, రాకెట్ లేచే వేళకు పనులు మానుకుని డాబాలెక్కేది ఇప్పటికీ మేమే. కాబట్టి అది మాదే. అక్కడ 2018 జులై 5న పొద్దున ఏడింటికి ఒక ప్రయోగం చేశారు. రాకెట్ లేదు, మనుషులు లేరు. వ్యోమగాములు కూర్చునే గదికి నమూనా ఒకటి, 12.6 టన్నులది. దాన్ని లాక్కుపోయే మోటార్లు. ప్యాడ్ మీద రాకెట్ అంటుకుందని అనుకుని ఆ మోటార్లు వెలిగించారు. గది దాదాపు 2.7 కిలోమీటర్లు పైకి లేచి, సముద్రం వైపు ఒరిగి, పారాచూట్లు విప్పుకుని, 2.9 కిలోమీటర్ల అవతల నీళ్లలో దిగింది. మొత్తం 259 సెకన్లు. మా అపార్టుమెంటు లిఫ్టు ఐదో అంతస్తు నుంచి కిందికి రావడానికి, మధ్యలో తలుపు సరిగ్గా వేయని మహానుభావుల పుణ్యమా అని, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

2023 అక్టోబరు 21న అదే పని గాల్లో చేసి చూశారు. ఇంకో ఐదు సెకన్లలో లేవాల్సిన రాకెట్‌ను కంప్యూటరే ఆపేసింది. ఏదో తేడాగా ఉందని దానికి తోచింది. ఆగారు, చూశారు, సరిచేశారు, పదింటికి వదిలారు. పైకి పోతున్న రాకెట్ నుంచి గదిని పీకి పక్కకు తెచ్చి, తీరానికి పది కిలోమీటర్ల దూరాన సముద్రంలో దించారు. నేవీ వాళ్లు పోయి తెచ్చుకున్నారు. యంత్రం మొత్తుకుంటే అంతంత శాస్త్రవేత్తలు చేతులు కట్టుకుని విన్నారు చూడండి! మా కారిడార్లో బిల్డరు గారు బ్రోచరు అందం కోసం పెట్టిన పొగ పసిగట్టే పెట్టె ఒకటి ఉంది. ఎవరింట్లోనో మిరపకాయల పోపు ఘాటుకు అది కుయ్యోమన్నది. సెక్రటరీ గారు వాచ్‌మన్‌ను స్టూలెక్కించి బ్యాటరీ పీకించారు. ఆ బ్యాటరీ ఇప్పుడు వాళ్ల గోడ గడియారంలో ఉంది. టైము కరెక్టుగానే చూపిస్తోంది.

రాకెట్ వాళ్లలో నాకు నచ్చింది ఏమిటంటే, కోట్లు పోసి కట్టిన తమ సొత్తు తగలబడుతుందేమోనని వాళ్లే ముందు ఒప్పుకున్నారు. ఒప్పుకోవడానికి కారణాలూ లేకపోలేదు. 1983 సెప్టెంబరు 26న బైకనూరులో సోవియట్ రాకెట్ ప్యాడ్ మీదే అంటుకుంటే, ఇద్దరు వ్యోమగాముల్ని ఇలాంటి మోటారే లాక్కుపోయి బతికించింది. మన అపార్టుమెంట్లలో ఆ మాటెత్తితే అపశకునం. ‘హోమం చేసి పాలు పొంగించుకున్న ఇల్లు, ఎందుకు కాల్తాది సామీ?’ అంటారు. అదీ నిజమే. హోమం రోజున కాలనిది తర్వాత ఎందుకు కాలాలి?

అలాంటి చోటికి ఈ మధ్య ఒక వీడియో వచ్చి పడింది. ఒకాయన వీపుకి బడి పిల్లల సంచి లాంటిది తగిలించుకుని, కొక్కెం గోడకి వేసి, కిటికీలోంచి బయటికి పోయి, గోడ మీద కాళ్లు ఆనిస్తూ నింపాదిగా నేలకు దిగిపోతాడు. కింద దిగినాక జుట్టు కూడా చెదరదు. దీన్ని ఏదో పేరుతో అమ్ముతారు. నేను దిగుడు సంచి అంటాను.

ఇది బూటకం కాదని ముందే చెప్పాలి, ఎందుకంటే మనకు బూటకాల మీదే నమ్మకం ఎక్కువ. పెట్టె లోపల తాడు చుట్టుకున్న చక్రం, దానికి బ్రేకు ముక్కలు ఉంటాయి. మనిషి బరువుకి తాడు జోరుగా లాగేకొద్దీ ఆ ముక్కలు బయటికి విసురుకుని డ్రమ్ముకి రాసుకుంటాయి, జోరు తగ్గుతుంది. కరెంటు అక్కర్లేదు, చేతిబలం అక్కర్లేదు. దక్షిణ కొరియాలో గోడకి బిగించే రకం ఉంది. తాడుకి రెండు కొసల్లోనూ నడుముపట్టీలు. ఒకరు కిందికి దిగేసరికి రెండో పట్టీ పైకొచ్చి తర్వాతి మనిషి కోసం సిద్ధంగా ఉంటుంది, బావి గిలకకి రెండు బొక్కెనలు కట్టినట్టు. మూడో అంతస్తు నుంచి పదో అంతస్తు దాకా పెట్టాలని అక్కడ నిబంధన. హోటళ్లలో గదికొకటి. ఇజ్రాయెల్ వాళ్లు వీపుకి తగిలించుకునే రకం చేశారు. ఇరవై అయిదు అంతస్తుల దాకా పనిచేస్తుందంటారు.

ఇక అమెరికాలో బెంజమిన్ ఓపెన్‌హైమర్ అనే ఒకాయన (అణుబాంబు ఆయన కాదు, అప్పటికి ఆయన పుట్టలేదు) 1879లోనే పేటెంటు పుచ్చుకున్నాడు. నెత్తికి కట్టుకునే పారాచూట్ ఒకటి, కాళ్లకు మెత్తని దళసరి అడుగుల జోళ్లు. ఇల్లు అంటుకుంటే కిటికీలోంచి దూకేయడమే. మెడ సంగతి పేటెంటు ఆఫీసు వాళ్లు అడిగినట్టు లేదు.

కొరియాలోనూ అన్నీ సక్రమంగా జరిగిపోతాయని కాదు. 2024 ఆగస్టు 22న బుచియాన్ నగరంలో ఒక హోటల్ అంటుకుని ఏడుగురు పోయారు. అందులో ఇద్దరు కింద పరిచిన గాలి పరుపు మీదికి దూకినవాళ్లు. ఆ తర్వాత ఆ దేశమంతా ఒకటే ప్రశ్న వేసుకుంది: గోడకున్న పెట్టెను వాడడం మనలో ఎంతమందికి వచ్చు? అంటే వాళ్లు పెట్టె పెట్టుకున్న తర్వాత వచ్చే ప్రశ్న దగ్గర ఉన్నారు. మనం వీడియో ఫార్వర్డ్ చేసే దశలో ఉన్నాం.

సరే, కొనుక్కున్నామే అనుకోండి. పట్టీ కట్టుకుని కిటికీ దగ్గరికి పోయాక ఏం కనబడుతుంది? గ్రిల్లు. ఇనప కడ్డీలు, నాలుగు మూలలా గోడలో పాతి, వెల్డింగ్ చేసి, పైన అల్యూమినియం రంగు పూసింది. దొంగల భయానికి వేయించుకున్నాం. బాల్కనీకి కూడా కింది నుంచి పైదాకా వేశాం, పావురాలకి వల అదనం. దొంగ లోపలికి రాలేడు, పావురం రాలేదు, మనం పోలేము. గ్రిల్లుకి ఒక తలుపు పెట్టించి లోపలి నుంచి గడియ వేసుకోవచ్చు గదా అని ఒక రిటైర్డు హెడ్‌మిస్ట్రెస్ మా అసోసియేషన్ మీటింగులో అన్నారు. సభ ఆమె వంక జాలిగా చూసింది. ‘తలుపు పెడితే దొంగకి తెలిసిపోదా మేడమ్?’ అన్నాడు రొయ్యల గుంటలాయన. ఐదో అంతస్తు దాకా గోడ పట్టుకుని పాకొచ్చే దొంగ ఉంటే, మన దిగుడు సంచి అమ్మేవాళ్లు అతన్నే బ్రాండ్ అంబాసిడర్‌గా పెట్టుకోవాలి.

ఐదో అంతస్తు అంటే గుర్తొచ్చింది. మన ఊళ్లలో ఏ అపార్టుమెంటు చూసినా కింద స్టిల్టు, పైన ఐదు. ఇదేమన్నా దేవరహస్యమా అనుకునేరు. నివాస భవనం 18 మీటర్లు దాటితే ఫైర్ వాళ్ల ఎన్‌ఓసీ కావాలి, ఖాళీ స్థలం ఎక్కువ వదలాలి, ఇంకా బోలెడు. దాటకపోతే ఆ బాధ లేదు. అందుకని బిల్డరు పదిహేడు మీటర్ల చిల్లర దగ్గర ఆగి నమస్కారం పెడతాడు. రిజిస్ట్రేషన్లు అయ్యాక పైన పెంట్‌హౌస్ మొలుస్తుంది. దానికి బీపీఎస్ అని మన ప్రభుత్వాలు అప్పుడప్పుడూ పెట్టే ప్రాయశ్చిత్తం ఉండనే ఉంది. డబ్బు కట్టి రసీదు తెచ్చుకుంటే అంతస్తు సక్రమమవుతుంది. నిప్పుకి ఆ రసీదు చూపించే పద్ధతి ఇంకా ఖరారు కాలేదు.

నవ్వుతాలు కాసేపు పక్కనబెడతాను. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్ అంటుకుని పదిమంది చనిపోయారు. పొగకి తాళలేక కిటికీల్లోంచి దూకినవాళ్లున్నారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి, ఎనిమిది మంది. 2023 మార్చి 16న అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్, ఆరుగురు. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్లు, ఊళ్ల నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లు. 2025 మే 18న చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో పదిహేడు మంది, పిల్లలతో సహా ఒకే కుటుంబం వాళ్లు. ఈ చావుల్లో మంట తాకి పోయినవాళ్ల కన్నా పొగ పీల్చి పోయినవాళ్లే ఎక్కువ. చాలాచోట్ల కింద పుట్టిన పొగకి పైకి పోవడానికి మెట్లదారే గొట్టంలా పనికొచ్చింది. మనుషులకు దిగడానికి ఉన్నదీ ఆ దారే.

అందుకే దిగుడు సంచి చూస్తే నాకు సంతోషం కన్నా అనుమానం ఎక్కువ. రెండు మెట్లదారులు సరిగ్గా ఉండి, పొగ ఆపే తలుపులుండి, మూడో దారిగా ఒక తాడు ఉందంటే దానికి దండం పెడతాను. ఉన్న ఒక్క మెట్లదారినీ గోడౌన్ చేసుకుని, దాని బదులు తాడు కొంటున్నాం. మా మెట్ల మీద ఏమేముంటాయో చెబుతాను వినండి. మొదటి మలుపులో మూడు సైకిళ్లు, ఒకదానికే చక్రాలున్నాయి. రెండో మలుపులో మిగిలిపోయిన టైల్స్, సగం సిమెంటు మూట. అది గట్టిపడి ఇప్పుడు కట్టడంలో భాగమైపోయింది. మూడో మలుపులో చెప్పుల స్టాండు, తులసికోట. నాలుగో మలుపులో ఒక ఇనప బీరువా. అది ఎవరిదో ఎవరూ ఒప్పుకోరు. తాళం మాత్రం వేసి ఉంది.

మీటింగులో చర్చ సుదీర్ఘంగా సాగింది. సంచి ఏ కిటికీకి పెట్టాలి? నైరుతి కిటికీ తెరవకూడదు, ఆగ్నేయం ఎటూ అగ్నిదేవుడిదే కాబట్టి అటు పోకూడదు, దక్షిణం వైపు దిగడమంటే యముడికి ఎదురెళ్లడం. ఉత్తరం మంచిదని సిద్ధాంతి గారు ఫోన్లో తేల్చారు. ఉత్తరం వైపు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ఉప్పుగాలికి కొక్కెం తుప్పు పట్టదా అని ఒకరడిగారు. ఆ రోజు వినిపించిన ఒకే ఒక్క పనికొచ్చే ప్రశ్న అది. ఈ తీరాన కిటికీ కడ్డీ నాలుగేళ్లకే పొరలు పొరలుగా లేస్తుంది, ప్రాణం వేలాడే కొక్కేన్ని ఎవరో ఒకరు ఏటా విప్పి చూడాలి. ఎవరు చూడాలి అనేసరికి అందరికీ ఫోన్లు వచ్చాయి.

ఎవరు ముందు దిగాలన్న దగ్గర అసలు ప్రజాస్వామ్యం బయటపడింది. తాడు మీద ఒకసారి ఒక్కరే. పిల్లలు, ఆడవాళ్లు ముందన్నారు, బాగుంది. తర్వాత ప్రెసిడెంటు గారు, హోదా రీత్యా. ఆ తర్వాత ఓనర్లు, వాళ్ల తర్వాత అద్దెకున్నవాళ్లు. మెయింటెనెన్స్ బకాయి ఉన్నవాళ్లు బకాయి కట్టి దిగాలని ట్రెజరర్ సవరణ ప్రతిపాదించారు. ‘అబ్బయా, పొగలో గూగుల్ పే యాడ తెరుచుకుంటాదీ?’ అని ఒక పెద్దాయన వాపోతే, నగదు కూడా తీసుకుంటామన్నారు.

చివరికి డెమో పెట్టారు. కిటికీలన్నిటికీ గ్రిల్లులే కాబట్టి డాబా మీద నుంచి చేద్దామన్నాడు అమ్మడానికొచ్చిన కుర్రాడు. డాబా తలుపుకి తాళం. కుర్రకారు పైకి పోయి మందు తాగుతున్నారని వేయించినది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ తిరునాళ్లకి పోయి ఉన్నాడు. పదకొండింటికి మొదలుకావాల్సిన డెమో అతను బస్సు దిగి వచ్చాక సాయంత్రం నాలుగున్నరకి మొదలైంది.

దిగడానికి మనిషి కావాలి. అందరూ వాచ్‌మన్ వంక చూశారు. ‘నేను కింద గదిలోనే ఉంటా గదా సార్, నాకెందుకు దిగేది నేర్చుకోవడం?’ అన్నాడతను. దానికి జవాబు లేక, బియ్యం మూట దించుదామని తీర్మానించారు. బియ్యానికి నెల్లూరులో ఏం కొదవ? ఇరవై అయిదు కిలోల మూటకి పట్టీ బిగించి పిట్టగోడ మీంచి వదిలారు. పెట్టె చెప్పినట్టే పనిచేసింది. మూట తొణక్కుండా బెణక్కుండా ఒక్కో అంతస్తూ దాటుకుంటూ వచ్చి, దారికి అడ్డంగా పెట్టిన మూడో అంతస్తాయన కొత్త కారు బానెట్ మీద కూర్చుంది.

అంతే, చర్చ పార్కింగు మీదికి మళ్లింది. అక్కడ కారు ఎవరు పెట్టమన్నారు, విజిటర్స్ పార్కింగు ఏమైంది, సొట్ట ఖర్చు అసోసియేషన్‌దా, మూట ఇచ్చినాయనదా అని రాత్రి తొమ్మిదింటి దాకా తేలలేదు. దిగుడు సంచిని వచ్చే నెల మీటింగుకి వాయిదా వేశారు. ఎజెండా కాగితం లిఫ్టు పక్కన అంటించారు, చూశాను. సంచిది ఏడో అంశం. ఆరోది నాలుగో మలుపులో బీరువా ఎవరిదో తేల్చడం. దాని ఎదురుగా ఎవరో పెన్నుతో ‘కోర్టులో ఉంది’ అని రాశారు.