ఒంటికి ఆనుకుని

నేనో మెరినో ఉన్ని చొక్కాను. పొడుగు చేతులు, బొగ్గు రంగు, చదరపు మీటరుకు 200 గ్రాముల అల్లిక. కాపురం కోల్‌కతా భవానీపూర్‌లో, హరీశ్ ముఖర్జీ రోడ్డు పక్క సందులో, ఓ అద్దె ఇంటి బీరువాలో. ఏడాదిలో ముప్పాతిక భాగం చెమటతో గడిచే ఊళ్ళో ఉన్నికేం పని అంటారేమో. అసలు నా పనే చెమటతో.

నన్ను కొన్నావిడ మహబూబ్‌నగర్ నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. తొలి చలికాలంలోనే ఆఫీసు బెంగాలీలు ఆమెను సందక్‌ఫూ నడకకు ఒప్పించేశారు. మానేభంజ్యాంగ్ నుంచి ఎక్కుతూ పోతే 3,636 మీటర్ల ఎత్తు. వెల్లింగ్టన్ స్క్వేర్ దగ్గర చలికాలం వెలిసే భూటియాల దుకాణాల్లో స్వెట్టరూ మంకీ క్యాపూ కొంది. 1984లో దేశంలో తొలి మెట్రో నడిచిన ఎస్ప్లనేడ్–భవానీపూర్ దారిలో నన్నూ సంచిలో వేసుకుని ఇల్లు చేరింది. ఆ భవానీపూర్ స్టేషన్ పేరిప్పుడు నేతాజీ భవన్.

స్వెట్టరు పైపొర. లోపల నూలు బనీను వేసుకున్నవాళ్ళని కొండ మీద చూశాను. ఎక్కుతున్నంతసేపూ హుషారే. టీ కోసం ఆగి గాలి తగిలిందా, వెన్ను మీద తడిగుడ్డ పరిచినట్టే. నూలు చెమటను పీల్చి అలాగే పట్టుకుంటుంది మరి. నేను ఆవిరిని పోగు లోపలికే తీసుకుంటాను. నా బరువులో మూడోవంతు దాకా తేమ చేరినా ఒంటికి తడి తెలియనివ్వను. పైగా పీల్చేటప్పుడు కాస్త వేడి పుట్టిస్తాను.

దుకాణంలో అందరూ నన్ను వేళ్ళ మధ్య నలిపి మందం చూస్తారు. ముందు చూడాల్సింది పోగు. నాది 18.5 మైక్రాన్లు, మనిషి వెంట్రుక దీనికి మూడు నాలుగు రెట్లు లావు. ఒంటికి గుచ్చుకునేది లావు పోగే. మందం ఆ తర్వాతి మాట: చెమటోడ్చి ఎక్కేవాళ్ళకు 150 గ్రాములు, కదలకుండా చలిలో కూర్చునేవాళ్ళకు 250. ఏదైనా సరే, వదులుగా కొంటే దండగ. ఒంటిని అంటకపోతే చెమట నా దాకా రాదు.

సంక్రాంతికి వచ్చిన వాళ్ళ నాన్న నా ధర విని, "ఏంది బిడ్డా, బనీనుకు ఇన్ని పైసలా? మన గొంగడి లేదా?" అన్నాడు.

"గొంగడి కప్పుకొని కొండెక్కితే ఉడికి చస్త బాపూ."

నాకైతే కోపం రాలేదు. గొంగడి మా పెద్దన్న. దక్కనీ గొర్రె ఉన్ని, చింతగింజల గంజి పట్టిన నేత, వానకూ చలికీ పడకకూ అదే. పోగు 30 మైక్రాన్లు దాటుతుంది కనక దాని చోటు పైన, నా చోటు లోపల.

నాకూ లోపాలున్నాయి. ఆరడంలో పాలిస్టరు నాకన్నా చురుకు. బ్యాగు పట్టీలు రాసుకునే భుజాల దగ్గర పలచబడతాను, అక్కడ నైలాన్ కలిపిన రకాలే నయం. అయితే పాలిస్టరు రెండో సాయంత్రానికే కంపు కొడుతుంది, నన్ను వరసగా నాలుగు రోజులు తొడిగినా పక్కవాడు ముక్కు మూసుకోడు. బీరువాలోకి మాత్రం ఉతికే పంపాలి. చెమట మరకలున్న ఉన్నంటే చిమ్మెట పురుగులకు పండగ. జదుబాబు బజారు నాఫ్తలీన్ ఉండల వాసన నాకు గిట్టదు గానీ, ప్రాణం తీపి.

అన్నట్టు, విక్టోరియా మెమోరియల్ వైపు పొద్దుటి నడకలకు చల్లగా ఉందని పెద్దాయన మొన్న కూతురితో నెమ్మదిగా అన్నాడు: "నాకూ అసొంటిదొకటి తెప్పియ్యి. నడుము కాడ జర వదులుగ ఉండాలె."