కువైట్‌లో ఆమె పడిపోయిందా? ఏజెంట్లకూ ఇంటాయనలకూ పాత దొరల వైద్యం

కువైట్ నుంచి ఫోన్ వస్తుంది. మీరు పంపిన ఆడమనిషి వంటింట్లో పడిపోయిందట, పళ్లు గిట్టకరుచుకుపోయాయట, తెలివొచ్చాక ఏడుపు ఆపడం లేదట. మీరు రాయచోటిలో సబ్‌ఏజెంటు కావచ్చు, రాజంపేటలో ఉన్న మొగుడు కావచ్చు, కువైట్‌లోనే ఫర్వానియాలో డ్రైవరు పని చేస్తున్న తమ్ముడు కావచ్చు. కంగారులో అడగకూడని ప్రశ్నలు నోటికొస్తాయి: అన్నం తిన్నావా, ఎన్ని గంటలకు పడుకున్నావు, ఈ నెల జీతం ఇచ్చారా. ఈ మూడూ అడిగారంటే జవాబులు వస్తాయి. జవాబులు వస్తే మీరేదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

అడక్కుండానే జబ్బు తేల్చే విద్య ఒకటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్, ఎడిన్‌బరో, పారిస్ డాక్టర్లు దాన్ని చక్కగా సానబెట్టారు. వాళ్లు హిస్టీరియా అన్నారు. మనవాళ్లు గాలి సోకింది అంటారు, కాస్త చదువుకున్నవాళ్లు నరాల వీక్‌నెస్ అంటారు. ఏదైనా మీ పని జరుగుతుంది.

ముందు జబ్బును గుర్తుపట్టాలి. దీనికి ఆదిగురువు థామస్ సిడెన్‌హామ్. 1682లో ఆయన రాసిన ఉత్తరాన్ని తర్వాతి నూరేళ్లూ డాక్టర్లు బల్ల మీద నుంచి తియ్యలేదు. హిస్టీరియా ఏ జబ్బు వేషమైనా కట్టగలదని ఆయన తేల్చాడు. తలనొప్పిలా వస్తుంది, దగ్గులా వస్తుంది, వాంతుల్లా వస్తుంది, నడుంనొప్పిలానూ వస్తుంది. ఇంతకన్నా సుఖమైన సిద్ధాంతం వైద్యశాస్త్రంలో ఇంకొకటి లేదు. ఆమె ఏ నొప్పి చెప్పినా అది వేషమే కాబట్టి వినక్కర్లేదు. అసలు గుర్తులు మూడున్నాయి. నడినెత్తిన మేకు దిగ్గొట్టినంత నొప్పి. కడుపులోంచి ఉండ లాంటిదేదో లేచి గొంతులో అడ్డం పడడం. నీళ్లలా తేటగా, ధారాళంగా మూత్రం. మొదటి రెండూ ఆమె తనంతట తానే చెప్తుంది: "తలకాయ పగిలిపోతాంది అన్నా, గొంతుకాడ ఉండ అడ్డం పడినట్టుండాది." మూడోదాని దగ్గర కువైట్‌లో చిక్కొస్తుంది. 2016 జూలై 21న మిట్రిబాలో 53.9 డిగ్రీలు కాసిన దేశం అది. నీళ్లు తాగడానికి తీరిక లేని మనిషి మూత్రం అక్కడ తేటగా ఉండదు, పచ్చగా ఉంటుంది. కాబట్టి ఆ పరీక్ష వదిలెయ్యండి.

సిడెన్‌హామ్ ఇంకో మాట కూడా రాశాడు, మీకు బంగారం లాంటిది. ఒళ్లు వంచి కష్టపడి బతికే ఆడవాళ్లకు తప్ప మిగతా ఆడవాళ్లలో ఈ జబ్బు అసలే లేనిది అరుదట. అంటే ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు రాదన్నమాట. మూడంతస్తుల ఇల్లు తుడిచి, అయిదారుగురు పిల్లల్ని స్నానాలు చేయించి, రంజాన్ నెలలో తెల్లవారుజాము దాకా వంటింట్లో నిలబడే మనిషికి హిస్టీరియా ఎట్లా వస్తుంది? రాదు. మరి పడిపోయిందే? నాటకం. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే ఒకే గ్రంథంతో మీకు రెండు తీర్పులూ దొరికాయి. పని మానేసి కూర్చుంటే హిస్టీరియా, పని చేస్తూ పడిపోతే నటన. మూడో మాటకు చోటు లేదు.

అనుమానం మిగిలితే జార్జ్ చెయ్‌న్ ఉన్నాడు. 1733లో ఆయన అచ్చువేసిన పుస్తకం ఈ నరాల జబ్బును ఏకంగా ఇంగ్లీషువాళ్ల జాతీయ వ్యాధిని చేసింది. తేమగాలి, భారీ భోజనాలు, సారాయి, సోమరితనం, కిక్కిరిసిన పట్నవాసం దీనికి కారణాలన్నాడు. ఇంగ్లండులో పైతరగతి జనం చెప్పుకునే బాధల్లో మూడోవంతు దాకా ఇవేనని లెక్క కట్టాడు. మొద్దుబుర్రలకూ మందమతులకూ ఇది పెద్దగా రాదనీ రాశాడు. మర్యాదస్తుల జబ్బన్నమాట; నరాలు సున్నితంగా ఉండాలంటే వెనక కాస్త ఆస్తి ఉండాలి. కద్దామా, అంటే పనిమనిషి, వీసా మీద పోయిన మనిషికి ఆ స్థోమత ఎక్కడిది? ఇంట్లో ఒక్కరికే నరాలుండాలంటే అవి మేడంకే ఉండాలి. కద్దామా పడిపోయినప్పుడు కప్పులు పగిలాయి కాబట్టి మేడం నరాలు దెబ్బతిని ఉంటాయి. ముందు ఆమెకు చాయ్ పెట్టించండి. పెట్టేది ఎవరో మీకు తెలుసు.

దూరాన కూర్చుని వైద్యం చెయ్యొచ్చా అని కొందరికి సంకోచం. విలియం కల్లెన్‌ను తలుచుకోండి. 1769లో "న్యూరోసిస్" అన్న మాటను పుట్టించిన పండితుడు, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పెద్ద ఆచార్యుడు. చూడని రోగులకు ఉత్తరాల మీద మందులు రాసేవాడు. అట్లాంటి ఉత్తరాలు వేలల్లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. చాలాసార్లు రోగి బదులు ఇంకెవరో ఆమె బాధ రాసి పంపేవాళ్లు. రాజంపేట నుంచి ఐఎంఓ వీడియో కాల్‌లో మీరు చేసేదీ అదే, పైగా బొమ్మ కూడా కనిపిస్తుంది. ఆమె మాట్లాడుతుంటే మేడం పక్కన నిలబడి ఉందా లేదా అన్నది మాత్రం చూడకండి. కల్లెన్‌కు ఆ సంగతులేవీ కనిపించేవి కావు, అయినా ఆయన ప్రఖ్యాతికి లోటు రాలేదు.

ఇక చికిత్స. అప్పటి మందుల పెట్టెలో ముందుండేది మన ఇంగువే. గర్భాశయం ఒంట్లో అటూ ఇటూ తిరుగుతుందనీ, కంపు వాసనకు కిందికి పారిపోతుందనీ, మంచి వాసనకు దగ్గరికొస్తుందనీ గ్రీకుల కాలం నుంచి ఒక నమ్మకం. పద్దెనిమిదో శతాబ్దానికి చాలామంది డాక్టర్లు గర్భాశయాన్ని వదిలి నరాల దగ్గరికి వచ్చేశారు గానీ, మందులు మాత్రం మార్చలేదు. పడిపోయిన ఆడమనిషి ముక్కు దగ్గర ఇంగువ, కాల్చిన ఈకలు, జింకకొమ్ము ఉప్పు పెట్టేవాళ్లు. వాలేరియన్ వేరు, బీవర్ అనే నీటి జంతువు గ్రంథుల్లోంచి తీసిన కాస్టోరియం తాగించేవాళ్లు. ఈ లెక్కన కువైట్‌లో ఒక పెద్ద ప్రమాదముంది: బఖూర్. దివానియాకు, అంటే మగవాళ్లు కూర్చునే సావడికి, అతిథులొస్తే బొగ్గు మీద అగరు ముక్కలు వేసి ఆ ధూపదాని మోసుకు తిరిగే పని చాలా ఇళ్లలో ఆమెదే. అంత మంచి వాసన ముక్కు కిందే ఉంటే గర్భాశయం గొంతుదాకా రాక ఏం చేస్తుంది? ఊరి నుంచి వచ్చిన పార్సిల్‌లో ఊరగాయ పక్కన ఇంగువ డబ్బా ఉంటుంది, అది తీసి వాసన చూపించమనండి. పార్సిల్ ఇంకా ఆమె చేతికి రాలేదంటే అది వేరే విషయం.

తర్వాత రక్తం తియ్యడం. సిడెన్‌హామ్ క్రమం ఇది: ముందు రక్తం, కొన్నాళ్లు విరేచనాలు, ఆపైన వారాల తరబడి ఇనుము. రక్తం తియ్యడం మీరు ఊళ్లోనే మొదలుపెట్టారు. అటు వీసా ఇచ్చినవాళ్ల దగ్గరా ఇటు వీసా పుచ్చుకున్నామె దగ్గరా తీసుకున్నారు కాబట్టి ఆ అధ్యాయం అయిపోయిందనుకోండి. ఇనుము మాత్రం వద్దు. ద్రాక్షసారాయిలో ఉక్కురజను నానబెట్టి తాగించేవాడాయన. రక్తం తక్కువైన ఆడమనిషికి అది నిజంగానే పని చేసే ప్రమాదముంది. తేరుకుంటే జీతం లెక్క అడుగుతుంది.

అన్నిటికన్నా నాకిష్టమైన వైద్యుడు ఫ్రాన్సులోని ఆర్ల్ పట్నపు పియెర్ పోమ్. హిస్టీరియా అంటే నరాలు ఎండి ముడుచుకుపోవడమని ఆయన సిద్ధాంతం, కాబట్టి నానబెట్టాలి. ఒక రోగిని రోజుకు పది పన్నెండు గంటలు స్నానపు తొట్టిలో కూర్చోబెట్టాడు, పది నెలల పాటు. ఆమె ఒంట్లోంచి తడి తోలుకాగితం ముక్కల్లాంటి పొరలు ఊడి బయటికొచ్చాయని, అదే నయమైనందుకు గుర్తని 1760లలో గర్వంగా రాసుకున్నాడు. ఈ చికిత్స కువైట్‌లో ఖర్చు లేకుండా నడుస్తూనే ఉంది. బాత్‌రూములు, ముంగిలి హోష్ కడగడం, గిన్నెలు, కార్పెట్లు, కార్లు కలిపి చూడండి, ఆమె చేతులు నీళ్ల బయట ఉండేది ఎంతసేపు? తేడా ఒకటే: పోమ్ గారి తొట్టిలో క్లోరాక్స్ లేదు. ఆమె వీడియోలో అరచేతులు చూపించి "తోలు ఊడిపోతాంది చూడన్నా" అంటే, పొరలు ఊడుతున్నాయంటే నరాలు మెత్తబడుతున్నాయమ్మా అని ధైర్యం చెప్పండి.

అయస్కాంతశక్తితో జబ్బులు నయం చేస్తానన్న మెస్మర్ గురించి కొందరు అడుగుతారు. ఇనుపరజను పోసిన తొట్టి చుట్టూ పారిస్ ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఫిట్లు వచ్చినవాళ్లను పరుపులు పరిచిన గదికి మోసుకెళ్లేవారు. 1784లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజియే ఉన్న సంఘం పరీక్షించి అయస్కాంతశక్తి ఏమీ లేదు, అంతా ఊహేనంది. మీకు ఊహ అన్న ఆ ఒక్క మాట పనికొస్తుంది, తొట్టి ఎందుకు?

చదవకూడని వైద్యుడు బెర్నార్డ్ మాండెవిల్. 1711లో ఈ జబ్బు మీద పుస్తకం రాశాడు గానీ, అది సంభాషణ. అందులో రోగి మాట్లాడతాడు, అతని భార్య మాట్లాడుతుంది, డాక్టరు వింటాడు. పేజీల కొద్దీ వింటాడు! అట్లాంటి డాక్టరుకు ఫోన్ బిల్లు ఎంతవుతుందో ఆలోచించండి. రాబర్ట్ విట్ కూడా జాగ్రత్తగా వాడాల్సినవాడే. 1760లలో ఎడిన్‌బరోలో రాస్తూ, భయం, దుఃఖం, ఉన్నట్టుండి విన్న చెడ్డ కబురు ఈ మూర్ఛలు తెప్పిస్తాయన్నాడు. తల్లి చచ్చిపోయిన కబురు ఫోన్లో విని, కడచూపుకు పోవడానికి పాస్‌పోర్టు అడిగితే లేదనిపించుకున్న మనిషి ఆ రాత్రి పడిపోతే, విట్ దాన్ని కారణంగా రాసుకునేవాడు. మీరు రాసుకోకండి. ఒకరికి మూర్ఛ వస్తే చూసినవాళ్లకూ పాకుతుందని ఆయన చెప్పిన ముక్క మాత్రం తీసుకోండి. ఆ ఇంట్లోనే ఉన్న శ్రీలంక అమ్మాయితో ఈమెను మాట్లాడనివ్వొద్దని చెప్పడానికి అది చాలు.

కువైట్ మనోవైద్యులనైతే అసలు దగ్గరికి రానీయకండి. విదేశీ పనిమనుషుల మానసిక అనారోగ్యం మీద అక్కడ 1990లోనే పరిశోధన వ్యాసం అచ్చయింది. 2003, 2004లలో ఇంకొన్ని వచ్చాయి. గర్భాశయం ఎక్కడ తిరుగుతుందని కాకుండా, ఏ పరిస్థితుల్లో ఉన్నవాళ్లు కుప్పకూలుతున్నారని వెతికారు. ఈ ఆరా అంటువ్యాధి లాంటిది.

దానికన్నా ప్రమాదకరమైన కాగితం ఒకటి ఆమె కంట పడకుండా చూసుకోవాలి: కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదంటుంది, వారానికో రోజు సెలవంటుంది, ఏడాదికి జీతంతో 30 రోజుల సెలవంటుంది, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదంటుంది. మరుసటేడు కనీస జీతం 60 దినార్లని కూడా పెట్టారు. నడినెత్తిన మేకుకూ గొంతులో ఉండకూ ఇంత సూటి మందు ఏ సిడెన్‌హామూ రాయలేదు. అందుకే పుచ్చుకున్నవాళ్లు తక్కువ. చట్టం గురించి ఆమె ఎత్తితే మాట మార్చండి; పిల్లోళ్ల ఫీజులు, ఇంటి శ్లాబు, ఆడబిడ్డ పెళ్లి, ఎత్తడానికి మాటలకేం కొదవ.

జబ్బు ముదిరిందనడానికి రెండు లక్షణాలున్నాయి. ఒకటి, ఇల్లు వదిలి దాయియాలో ఇండియన్ ఎంబసీకి పోవడం. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పారిపోయిందని కేసు పెడతాడు, అప్పుడు అది వైద్యం చేతుల్లోంచి షుర్తా, అంటే పోలీసుల, చేతుల్లోకి పోతుంది, మీకు నిశ్చింత. రెండోది సెల్ఫీ వీడియో. బాత్‌రూములో తలుపేసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది, అది రాయచోటిలో ప్రతి ఫోన్లోకీ వస్తుంది, అక్కడి నుంచి మంత్రి దాకా పోతుంది. ఆ వీడియోలో మీ పేరు చెప్తే అది మతిభ్రమణం. పేరు చెప్పకపోతే పాపం, నరాల వీక్‌నెస్.

పాత డాక్టర్లందరూ ఒప్పుకున్న మందు ఇంకొకటి మిగిలింది: గాలి మార్పు. ప్రయాణం చెయ్యాలి, గుర్రమెక్కాలి, నలుగురితో కలవాలి, విశ్రాంతి తీసుకోవాలి అని ప్రతివాడూ ఏదో మూల రాశాడు. ఆ పేజీలు చింపెయ్యండి. కాదూకూడదని ఆమె తిరిగొచ్చేస్తే, కడప బస్సు దిగకముందే వీధిలో కబురు పంపండి: పాపం, కువైట్‌లో మతి కొంచెం అదోలా అయింది. కావాలంటే ఎ.ఎస్.పేట దర్గాకు తీసుకుపోయి కొన్నాళ్లు ఉంచుతామని కూడా చెప్పండి, జాలి చూపినట్టుంటుంది. ఆ తర్వాత ఆమె ఎన్ని నెలల జీతం రాలేదని లెక్క చెప్పినా, మీరెంత తీసుకున్నారో చెప్పినా జనం తల ఊపి ఊరుకుంటారు. ఈలోగా వాళ్ల చెల్లెలి పాస్‌పోర్టు చూడండి. ఇంటిపనికి గల్ఫ్ పోయే ఆడమనిషికి మన ప్రభుత్వం 30 ఏళ్లు నిండాలంటుంది. చెల్లెలికి ఇరవై అయిదే అయితే పుట్టిన తేదీ సంగతి మీరు చూసుకోగలరు, దానికి డాక్టరు సలహా అవసరం లేదు.