కైజెన్ వారోత్సవాలు

ఏటా ఫిబ్రవరి 12 నుంచి 18 దాకా జాతీయ ఉత్పాదకత వారోత్సవాలు. గేటుకి బ్యానరు కడతారు. నినాదాల పోటీ, వ్యాసరచన పోటీ, సామూహిక ప్రతిజ్ఞ. గెలిచినవాళ్లకి స్టీలు టిఫిను డబ్బా. చివరి రోజు సాయంత్రం బ్యానరు మడిచి స్టోర్‌రూములో పెడతారు. అంకె ఒక్కటి మారిస్తే వచ్చే ఏడాదికీ పనికొస్తుంది. జపాన్‌వాళ్లు కైజెన్ అనే నిరంతర మెరుగుదల మన దగ్గర సాగడం లేదని ఎవరన్నారు? ఏటా వస్తూనే ఉందిగా!

మిగతా యాభై ఒక్క వారాలకు సలహాల పెట్టె ఉంటుంది. దానికో తాళం. తాళంచెవి పాత హెచ్చార్ మేనేజరుతో పాటే బదిలీ అయిపోయింది. పొరపాటున ఎవరైనా నోటితోనే సలహా చెప్పారా, "బాగుందయ్యా, అయితే నువ్వే చూసుకో" అని ఆ పనీ అతని నెత్తినే పెడతారు. జీతం అదే, పని రెండింతలు. ఆ తర్వాత ఆ సెక్షన్‌లో సలహాల బెడద ఉండదు.

టయోటా ఈ సలహాల పద్ధతిని 1951లో మొదలుపెట్టింది. అంతకు ముందు ఏడాది, ఆ కంపెనీని స్థాపించిన కుటుంబానికి చెందిన ఐజీ టయోడా అమెరికా వెళ్లి, ఫోర్డ్ కర్మాగారంలో దాన్ని చూసి వచ్చాడు. అసలు టయోడాల ఇంటి కథ మగ్గంతో మొదలైంది. పోగు తెగగానే తనంతట తాను ఆగిపోయే మగ్గాన్ని సాకిచి టయోడా 1924లో తయారుచేశాడు. పోచంపల్లి నేతకారుడికి ఇందులో వింతేమీ కనపడదు. తెగిన పోగును వదిలేసి నేస్తూ పోతే చీర పాడవుతుందని ఆయనకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వక్కర్లేదు. ఆఫీసుల్లో మాత్రం పోగు తెగిందన్నవాణ్ణి నెగటివ్ మనిషంటారు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. గైర్హాజరుకీ గొడవలకీ పెట్టింది పేరు. 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి మళ్లీ తెరిచి, చాలామటుకు ఆ పాత కార్మికుల్నే తీసుకున్నారు. ఈసారి ఆ మగ్గం పద్ధతిలోనే వాళ్ల తలల మీదుగా ఓ తాడు వేలాడదీశారు. లోపం కనిపిస్తే ఎవరైనా లాగొచ్చు. టీమ్ లీడరు పరుగున వస్తాడు, తిట్టడానికి కాదు, సాయానికి. అప్పటికీ సరికాకపోతే లైను ఆగుతుంది. నాలుగేళ్లు తిరక్కముందే అక్కడి కార్ల నాణ్యత జపాన్ కార్లకు సాటి వచ్చింది. మనుషులు వాళ్లే, మారింది పైవాళ్ల గొంతు.

ఇలాంటి పద్ధతి జపాన్‌వాళ్లకే చెల్లిందనే వాళ్లకు ఓ మాట: చెన్నై పాడిలోని సుందరం క్లేటన్ కంపెనీ, నాణ్యతకు జపాన్ ఇచ్చే డెమింగ్ బహుమతిని 1998లోనే తెచ్చుకుంది.

ఆ డెమింగ్ అమెరికా గణాంకవేత్త. 1950లో జపాన్ వెళ్లి నాణ్యత పాఠాలు చెప్పాడు. ఆయన 14 సూత్రాల్లో ఎనిమిదోది ఉద్యోగుల్లో భయం పోగొట్టమంటుంది. పదోది నినాదాలూ హితబోధలూ మానేయమంటుంది. మనవాళ్లు పద్నాలుగింటినీ ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో వేలాడదీశారు, పదోదానితో సహా!

మీ ఆఫీసులో కైజెన్ ఉందో లేదో తేల్చడానికి కన్సల్టెంట్ అక్కర్లేదు. కిందటి మీటింగులో "ఇది ఇలా కాదు సార్" అన్న మనిషి ఇప్పుడు ఏ బ్రాంచిలో ఉన్నాడో కనుక్కోండి.