లింకు బావ

మా బావ ప్రొద్దుటూరు బంగారు అంగట్లో లెక్కలు రాస్తాడు. గీటురాయి మీద రెండుసార్లు గీసి చూడందే ముక్కుపుడకను కూడా నమ్మని మనిషి. ఫోన్లోకి వచ్చిన లింకు మాత్రం కాస్త మెరిస్తే చాలు, ఆయనకు మేలిమే.

ఈ యావ కొత్తది కాదు. 2006లో లేఖిని వచ్చి, మామూలు కీబోర్డు మీదే తెలుగు కొట్టొచ్చని తెలిశాక, నెట్ సెంటర్లో కూర్చుని ఒక బ్లాగు తెరిచాడు. సొంతంగా రాసింది తక్కువ. ఎక్కడెక్కడి మంచి రాతలకో లింకులిచ్చి కింద నాలుగు ముక్కలు చేర్చేవాడు. తెలుగు బ్లాగుల్ని ఒకచోట చేర్చి చూపే కూడలిలో ఆ బ్లాగు పేరు కనబడితే తెరిచి చూసేవాళ్లు ఉండేవారు. చదివి పెట్టేవాడు కాబట్టి టపాకూ టపాకూ మధ్య వారం పట్టేది. ట్విట్టర్లోకి వెళ్లాక 140 అక్షరాల్లో లింకు పోగా నాలుగు ముక్కలకు చోటు లేదు. 2017లో వాళ్లు 280 చేశారు గానీ, అప్పటికి బావకు చదివే అలవాటు పోయింది.

ఆయన పెట్టినవాటిలో ఊరూరా తిరిగింది కలమళ్ళ శాసనం లింకు. క్రీ.శ. 575 నాటిదని చెప్పే ఈ రేనాటి చోళుల శాసనాన్నే తొలి తెలుగు శాసనం అంటారు. వేయించినవాడు ధనంజయుడు. అది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో కనబడటం లేదని పత్రికల్లో వచ్చింది. బావ ఆ వార్త లింకు పెట్టి, పైన 'మన రాయిని మద్రాసోళ్లు మాయం చేసినారు' అని తగిలించాడు. ఇక చూడండి! అమెరికా నుంచి ఒకాయన కన్నీళ్ల బొమ్మలు, హైదరాబాదు నుంచి తిట్లు. బావకు రాత్రికి రాత్రి వేలల్లో ఫాలోవర్లు.

మొన్న దసరాకు పోయినప్పుడు ముద్దనూరులో పెళ్లి పిలుపొకటి ఉంటే ఇద్దరం బండి మీద వెళ్లాం. తిరుగు దారిలో థర్మల్ స్టేషను పొగగొట్టాలు కనబడగానే అడిగాను.

"బావా, కలమళ్ళ ఇదే కదా? చూసిపోదాం."

"ఏముందబ్బీ ఆడ? రాయి ల్యాకపాయె."

పుట్టినప్పటి నుంచీ ప్రొద్దుటూరులోనే ఉన్న మనిషి, గంటలోపు దారి, ఒక్కసారీ రాలేదట. చెన్నకేశవస్వామి గుడి ముందు ఒక అవ్వ చెనక్కాయలు ఒలుస్తోంది. శాసనం సంగతి అడిగితే తలెత్తకుండానే చెయ్యి చూపింది.

"రాతల రాయా? ఆ పక్కనుంది పోండి. మీ మాదిరే శానామంది వచ్చాంటారు."

పగిలిన రాతి స్తంభం. ముట్టుకుంటే వేలికి గరుకుగా తగిలే అక్షరాలు, కొన్ని అరిగిపోయి. శాసనాలు అచ్చువేసిన పెద్దలు ఎప్పుడో రాసిపెట్టారు, ఈ గుడి ఆవరణలో పగిలిన స్తంభం మీద ఉందని. పుస్తకానికి లింకు లేకపోయె, ఎవరు తెరిచి చూస్తారు!

బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. అక్కడే నిలబడి 'మన రాయి యాడికీ పోలేదు, కలమళ్ళలోనే ఉంది' అని పెట్టాడు. నాకు ముచ్చటేసింది. ఇన్నేళ్లకు చేత్తో తాకి చూసింది పెట్టాడు గదా!

ప్రొద్దుటూరు చేరేలోపే మోత మొదలైంది. 'ఫేక్' అని ఒకడు. 'మద్రాసోళ్లకు ఎంతకు అమ్ముడుపోయినావు?' అని ఇంకొకడు. 'ఆధారం ఇదిగో' అంటూ అందరూ అంటించింది ఒకటే లింకు. బావ పెట్టిందే.

పొద్దున టీ తాగుతూ అడిగాను.

"బావా, ఆ పాతది తీసేయకూడదూ?"

"రాత్రే తీసేసినాలేబ్బీ."

మెచ్చుకుందామని ఫోన్ తెరిచి చూశాను. మద్రాసోళ్లు మాయం చేసిన రాయి పదిలంగా ఉంది. కలమళ్ళ ఫొటోలు లేవు.

"ఇదేంది బావా, ఫొటోలు తీసేసినావు?"

బావ గ్లాసు కింద పెట్టాడు.

"రాయి యాడికి పోతాదబ్బీ, ఆడనే ఉంటాది. ఫాలోవర్లు పోతే మళ్లా వచ్చారా?"