పాటకు తద్దినం

కోనసీమలో పాట చచ్చిపోయిందన్న విషయంలో ఎవరికీ అనుమానం లేదండి. పేచీ అంతా తేదీ దగ్గరే. ఎనభై దాటినవారిని అడగండి, 1974 ఫిబ్రవరి 11న ఘంటసాలగారితోపాటే పోయిందంటారు. అరవై దాటినవారు అబ్బెబ్బే, ఇళయరాజా జోరుగా ఉన్నన్నాళ్లూ నిక్షేపంగా ఉందని సాక్ష్యం చెబుతారు. నలభై ఏళ్లవారు మణిశర్మ దాకా కొన ఊపిరి ఉందంటారు. నిన్నగాక మొన్న డిగ్రీ అయిన కుర్రాడు కూడా ‘మా ఇంటర్ రోజుల్లో పాటలేనండీ పాటలంటే’ అని నిట్టూర్చడం మొదలెట్టాడు. కాస్త లెక్కలొచ్చినవారికి ఇందులో ఓ సూత్రం దొరుకుతుంది. మనిషి పుట్టిన ఏడాదికి ఓ పాతిక కలపండి. కొంచెం అటూ ఇటూగా పాట పోయిన ఏడాది వచ్చేస్తుంది.

ఇన్నిసార్లు పోయినదానికి తద్దినం ఏ తిథిన పెట్టాలో తేల్చాలంటే, పాత కేసులు తిరగెయ్యక తప్పదు.

అన్నిటికన్నా అడుగున ఉన్నది కలావంతుల కేసు. ఒకప్పుడు గోదావరి జిల్లాల్లో మేళం లేని పెళ్లికి పరువుండేది కాదు. ముమ్మిడివరం, కోటిపల్లి వైపు కలావంతుల ఇళ్లలో ఆడవాళ్లు క్షేత్రయ్య పదాల్ని, జావళీల్ని తల్లి నుంచి కూతురికి అందిస్తూ వచ్చారు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు ఆ మేళాల మీద కత్తి దూశారు. రాత్రి మేజువాణీలో ముందు వరస ఎవరిదో, పొద్దున్న సభలో నీతి తీర్మానానికి చప్పట్లు కొట్టిన ముందు వరస ఎవరిదో పోల్చి చూసే ఓపిక అప్పట్లో ఎవరికీ ఉన్నట్టు లేదు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లల్ని గుళ్లకు అంకితమివ్వడాన్ని చట్టంతో ఆపింది. అది ఆగాల్సిందే. దాంతోపాటు ఆ ఇళ్లలో పాటా ఆగింది. తర్వాత అదే పదం పట్టుచీర కట్టుకుని సభలెక్కితే, అందరూ లేచి దణ్ణం పెట్టారు. తాతగారి రోజుల్లో బూతు, మనవరాలికి సిలబస్.

రెండోది రేడియో కేసు. మన పద్యనాటకాలకు ప్రాణం పోసిన హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో గడప దాటనివ్వనంది. అది మన సంగీతానికి పనికిరాదన్నారు. 1971 దాకా ఆ పెట్టె బయటే కూర్చుంది. మధ్యలో 1952లో బి.వి. కేస్కర్ గారు సమాచార ప్రసార మంత్రి అయ్యారు. సినిమా పాట స్థాయి దిగజారిపోయిందని ఆయన తేల్చేశారు. రేడియోలో దాని వాటా కోసేశారు. ఏ సినిమా పాటంటారా? మల్లీశ్వరి వచ్చి అప్పటికి ఏడాదే. దేవదాసు ఇంకా రావలసి ఉంది. అంటే మన పెద్దలు ఇవాళ కళ్లు మూసుకుని తల ఊపుతున్న స్వర్ణయుగానికి భారత ప్రభుత్వం అప్పుడే మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చేసిందన్నమాట. జనం చక్కా రేడియో సిలోన్‌కి తిప్పుకున్నారు. చివరికి 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టక తప్పలేదు. ఆ అయిదేళ్లలో పాట అభిరుచి పెరిగిందో లేదో గానీ, సిలోన్‌కి శ్రోతలు మాత్రం పెరిగారు.

‘అప్పుడు సొంత బాణీలండి, ఇప్పుడన్నీ కాపీలండి’ అనేవారి కోసం ఓ చిన్న కాగితం జత చేస్తున్నాను. 1953 నాటి హిందీ అనార్కలిలో సి. రామచంద్ర కట్టిన బాణీ 1955 నాటి తెలుగు అనార్కలిలోకి మారుపేరు కూడా పెట్టుకోకుండా నడిచొచ్చింది. మనం అరవై ఏళ్లకు పైగా కన్నీళ్లు పెట్టుకుంటూ వింటున్నాం. బాగుంది కనక అది కాపీ కాదు, ప్రేరణ.

మూడోది అచ్చంగా మన ఇంటి కేసు. రాజోలు తాలూకా శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. రాగమంటే కనీసం అయిదు స్వరాలుండాలని శాస్త్రం చెబుతుంటే, ఆయన నాలుగింటితో ఒకటి, మూడింటితో ఒకటి కట్టి పాడేశారు. ఇంకేముంది, సంప్రదాయం మంటగలిసిందని మద్రాసులో గగ్గోలు. వీణ ఎస్. బాలచందర్ అంతటివారు బాహాటంగా వాదానికి దిగారు. మరి ఇప్పుడో? కొత్తగా ఎవరన్నా నోరు తెరిస్తే ‘బాలమురళిగారు వింటే ఏమైపోయేవారో’ అంటూ ఆయన్నే సంప్రదాయానికి కాపలా పెడుతున్నాం. కంచె దూకినాయన్ని కంచె చేశాం.

నాలుగోది పెద్ద కేసు, పైగా ఇందులో ఊరి పేరే ముద్దాయి. 2004లో ఆర్య వచ్చింది. అక్షరమాలలో మొట్టమొదటి అక్షరానికి అమలాపురాన్ని ముడిపెట్టిన ఐటం పాట అందులోదే. ఊరి పరువు పోయిందని పెద్దలు పళ్లు నూరారు. ఆ పళ్లు ఎవరి మీద నూరాలన్నదే చిక్కు. తీసిన సుకుమార్ రాజోలు దగ్గర మట్టపర్రు అబ్బాయి, బాలమురళిగారి తాలూకావాడే. బాణీ కట్టిన దేవిశ్రీప్రసాద్ వేర్లు వెదురుపాకలో ఉన్నాయి. పోనీ రాసినవాణ్ణి పట్టుకుందామా అంటే, ఆయన వేటూరి. శంకరాభరణం పాటలు రాసిన ఆ వేటూరే. సుకుమార్, దేవిశ్రీల జోడీయే పుష్ప చేస్తే, పాటలకుగాను 2023లో దేవిశ్రీకి జాతీయ అవార్డు ప్రకటించారు. ఫ్లెక్సీ కట్టినవారిలో పళ్లు నూరినవారు లేరని ఎవరూ ప్రమాణం చెయ్యలేరు.

శంకరాభరణం మాటొచ్చింది కాబట్టి ఒక ముక్క. శాస్త్రీయ సంగీతాన్ని పట్టించుకునేవాడే లేడని కుమిలిపోయిన సినిమా అది. 1980లో ఆ మాట వినడానికి జనం హాళ్ల మీద ఎగబడ్డారు. అందులో కథానాయకుడు శంకరశాస్త్రి గొంతుగా మోగింది సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలుగారు. ఆయనకూ జాతీయ అవార్డు వచ్చింది. మన దగ్గర శోకం కూడా శతదినోత్సవం చేసుకుంటుంది.

ఇంతకీ ఏమీ మారలేదా అంటే, మారిందండి. 2012లో స్పెయిన్ పరిశోధకులు 1955 నుంచి 2010 దాకా వచ్చిన పాశ్చాత్య పాటల్ని లక్షల్లో కంప్యూటర్‌కి ఎక్కించి చూశారు. స్వరాల నడకలో రకాలు తగ్గాయని, ధ్వనుల రంగులు ఒకేలా అయిపోతున్నాయని, మోత పెరిగిందని తేలింది. ఆ మూడోదానికి అంత శ్రమ అక్కర్లేదు. తీర్థం రోజుల్లో అంబాజీపేట వచ్చి డీజే బాక్సుల ముందు నిమిషం నిలబడితే, గుండె తనంతట తానే సంతకం పెట్టేది. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 దాటకూడదు. మైకు రాత్రి పదింటికి నోరు మూసుకోవాలి. మన బాక్సులవాడికి పదంటే ట్రయల్ వేసే టైము.

ఆ బాక్సులకు అడ్వాన్సు ఎవరిచ్చారంటే, కమిటీ పెద్దలే. ఆ కమిటీలోని పెద్దాయనే అరుగు మీంచి కేకేస్తాడు: ‘ఏవండీ, ఆ దిక్కుమాలిన పాట ఆపి ఘంటసాలగారిది వెయ్యండి!’ ‘ఆయ్, వేస్తానండి’ అంటాడు కుర్రాడు. వేస్తాడు. అదే బేసు, అదే మోత. పెంకులు అంతే అదురుతాయి. పెద్దాయన మాత్రం కళ్లు మూసుకుని ‘ఇదండీ పాటంటే’ అంటాడు. డెసిబెల్ కూడా మనవాడిదైతే చెవికి ఇంపే.

నిజంగా పోయిన పాట వేరే ఉంది. దానికి ఎవరూ తద్దినం పెట్టలేదు. చేలో వంగి నాట్లేస్తూ ఆడకూలీలు పాడుకున్నది. ఒకరు ఎత్తుకుంటే వరసంతా అందుకునేది. దాన్ని దేవిశ్రీ చంపలేదు, తమన్ చంపలేదు. గిట్టుబాటు లేక 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చేనుతోపాటు అదీ ఎండింది. వరిచేలు రొయ్యల చెరువులైన చోట ఇప్పుడు ఏరేటర్లు రాత్రీ పగలూ ఒకే శ్రుతిలో కచేరీ చేస్తున్నాయి. ఘంటసాలగారి పాట ఎక్కడికీ పోలేదు, జేబులో ఫోన్లోనే ఉంది. ఆయన కోసం ఏడుస్తున్నాం. రికార్డుకెక్కని అమ్మమ్మ పాట పోయిందని మనకు కబురే అందలేదు.

కాబట్టి పాతపాట ప్రేమికులకు చిన్న ప్రవేశ పరీక్ష పెట్టాలని నా మనవి. మీ ఇంటి ఆడవాళ్లు నాట్లలోనో, రోటి దగ్గరో, ఉయ్యాల ఊపుతూనో పాడిన పాట ఒక్కటి, ఫోన్ చూడకుండా, మొదటి చరణం దాకా పాడండి. వచ్చినవారు కొత్త పాటను తనివితీరా తిట్టుకోవచ్చు, అడ్డుకునేవాడు లేడు. రానివారు బాక్సులవాడి బాకీ తీర్చేసి, చెవుల్లో దూది పెట్టుకుని పడుకోవచ్చండి, ఆయ్.